గ్యాసు ఎక్కడికి పోయినట్లు?



ఎండలు ముదిరే వేళకు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యగారూ, కారు ఏ.సి. చల్లగా రావడం లేదు. గ్యాసు కొట్టించమంటారా?" ఒకప్పుడు మన పల్లెలలో ఈ ప్రశ్న అడిగేవారే లేరు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న రైతు కుటుంబములు చాల ఊళ్ళలో కనబడుచున్నవి. ఏ.సి. అంటే విలాసమని కొందరు పెద్దలు ఇప్పటికీ అనుకొందురు. బాలింతను, పక్షవాతపు రోగిని మే నెల మధ్యాహ్నము ఆసుపత్రికి తీసికొని వెళ్ళినవారు ఆ మాట అనరు.

మేము మెకానిక్కులము కాము. అయితే ఒక వేసవి అంతా డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్న సంగతులు కొన్ని ఉన్నవి గనుక ఈ నెల శీర్షికను వాటికే కేటాయించుచున్నాము.

2023 మే నెల మాట. మా కారు అప్పటికే తొమ్మిదేళ్ళ పాతది. మా వీధిలోని ఒక పెద్దాయనను వారమునకు రెండుసార్లు డయాలసిస్ కొరకు అందులోనే పట్టణమునకు తీసికొని వెళ్ళేవారము. పోను 52 కిలోమీటర్లు. డయాలసిస్ రోగుల అవస్థ దగ్గరనుండి చూచినవారికే తెలుస్తుంది. మూత్రపిండములు పని చేయవు గనుక ఎంత దాహమైనా ఇష్టము వచ్చినట్లు నీళ్ళు త్రాగరాదు. రోజుకు ఇంత అని డాక్టరు కొలిచి చెప్పుదురు. ఒకనాడు మధ్యాహ్నము ఒంటిగంటకు తిరిగి వచ్చుచుండగా ఏ.సి.లోనుండి వేడిగాలి రాసాగినది. అద్దములు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. ఆయన ఒక్క మాట అనలేదు. తువ్వాలు తడిపి తలమీద వేసుకొని కూర్చున్నారు. ఇంటికి చేరిన తరువాత గ్లాసుడు నీళ్ళలో సగము త్రాగి, మిగిలిన సగము రాత్రికని మూత పెట్టించుకొన్నారు.

మరుసటి రోజే పట్టణములో ఒక షాపుకు వెళ్ళితిమి. కుర్రవాడు బానెట్టు ఎత్తి, గొట్టము తగిలించి, పావుగంటలో గ్యాసు నింపి 1,800 రూపాయలు తీసుకొన్నాడు. చల్లగా వచ్చినది, సంతోషించితిమి. మూడు వారములు తిరగకమునుపే మళ్ళీ వేడిగాలి. మళ్ళీ వెళ్ళితిమి, మళ్ళీ 1,800. ఈసారి పదిహేను రోజులు. మూడవసారి వేరొక షాపుకు వెళ్ళగా, కంప్రెసరు పోయినది, కొత్తది వేయవలెను, మొత్తము 24,000 అగునని చెప్పిరి. బండి అమ్మివేయుదమా అనికూడ ఇంట్లో ఆలోచన చేసితిమి.

అట్టి సమయములో ఎవరో చెప్పగా, పొరుగు పట్టణములో రేకుల షెడ్డులో పని చేసికొనే ఒక పెద్ద మెకానిక్కు దగ్గరకు వెళ్ళితిమి. జరిగినదంతా విని ఆయన నవ్వి, "గ్యాసు ఎక్కడికి పోద్దండీ అయ్యగారూ? అదేమన్నా పెట్రోలా, నడిచేకొద్దీ అయిపోడానికి? మూడు వారాలకే పోయిందంటే ఎక్కడో కన్నం ఉంది. అది మూయకుండా ఎన్నిసార్లు పోయిస్తే మాత్రం ఏం లాభం?" అన్నారు.

"మరి కంప్రెసరు పోయిందన్నారే?"

"పోలేదండీ. ఇంకో నెల ఇట్టాగే తిప్పితే మాత్రం పోయేది."

ఆ రెండు జవాబులలోనే అసలు సంగతి అంతా ఉన్నది. అది అర్థము కావలెనంటే ఏ.సి. ఎట్లు పని చేయునో కొంచెము తెలిసికొనవలెను.

కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడును? కుండ సన్నని రంధ్రములగుండా నీరు పైకి ఊరి ఆవిరియగుచున్నది. ఆవిరి కావలెనంటే వేడి కావలెను గనుక ఆ వేడిని లోపలి నీళ్ళనుండియే లాగుకొనును. కారు ఏ.సి.లోను జరుగునది ఇదే. మన డాష్‌బోర్డు వెనుక కూలింగ్ కాయిల్ ఒకటి ఉండును. దానిలోనికి వచ్చిన ద్రవము ఆవిరియై, కారులోని గాలి వేడిని లాగివేయును. ఈ ద్రవము నీటివంటిది కాదు. మన దేశములో ఎక్కువ కార్లలో ఉన్న ఆర్ 134 ఏ అనే గ్యాసు, మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీలు క్రిందనే మరగిపోవును. కుండలోని నీరు ఆవిరియై గాలిలో కలిసిపోవును గనుక మరల నింపుకొందుము. కారులో అట్లు కాదు. ఆవిరియైన గ్యాసును కంప్రెసరు పట్టి నొక్కును. అది వేడెక్కి కారు ముందుభాగమున ఉన్న కండెన్సరుకు పోయి, అక్కడ బయటిగాలికి వేడిని ఇచ్చివేసి మరల ద్రవమగును. తరువాత తేమను పీల్చుకొనే డ్రయరు గుండా, సన్నని ద్వారమువంటి ఎక్స్‌పాన్షన్ వాల్వు గుండా కూలింగ్ కాయిల్‌కు తిరిగి వచ్చును. ఉన్న గ్యాసే తిరుగుచుండును. ఖర్చు అయ్యే పని లేదు.

రబ్బరు గొట్టములగుండా, కంప్రెసరు సీలు దగ్గర సంవత్సరమునకు కొద్ది గ్రాములు ఊరిపోవుట సహజమే. అందువలన ఐదారేళ్ళకు ఒకసారి తక్కువ పడినదంటే ఆశ్చర్యము లేదు. ప్రతి వేసవికి గ్యాసు కొట్టించవలసి వచ్చుచున్నదంటే మాత్రము కన్నము ఉన్నట్లే. "ఏడాదికోసారి గ్యాసు కొట్టించడమే సర్వీసింగు" అని చెప్పేవారి మాట నమ్మవద్దు.

ఇక కంప్రెసరు సంగతి. దానికి నూనె కావలెను. ఇంజను నూనెవలె అది ఒకచోట నిలిచి ఉండదు, గ్యాసుతో కలిసి తిరుగుచుండును. గ్యాసు తగ్గినప్పుడు నూనె సరిగా తిరిగి రాదు. నూనె లేని కంప్రెసరు అరిగి బిగుసుకొనిపోవును. దానిలోని ఇనుపరజను మిగిలిన భాగములన్నిటికి ప్రాకును. అప్పుడు నిజముగానే వేలకు వేలు ఖర్చు. గనుక చల్లదనము తగ్గినదని తెలిసిన వెంటనే, బాగు చేయించేవరకు ఏ.సి. బటను ఆపి ఉంచుట మంచిది. ఏదో కొంచెమైనా వచ్చుచున్నది గదా అని నడిపించుటయే మేము చేసిన తప్పు.

గ్యాసుతోపాటు నూనెయు కారును గనుక కన్నము ఉన్నచోట జిడ్డు, దానిమీద దుమ్ము అంటుకొని ఉండును. ఆ పెద్ద మెకానిక్కు ముందుగా దానినే వెదకినారు. కండెన్సరు ప్రక్కన గొట్టము కలిసేచోట నల్లని మరక కనబడినది. అంతమాత్రమున ఆయన నమ్మలేదు. మిగిలిన గ్యాసు తీసివేసి, నైట్రోజన్ సిలిండరు తగిలించి ఒత్తిడి పెట్టి, సబ్బు నురుగు కుంచెతో అన్ని కీళ్ళకు పూసినారు. మరక ఉన్నచోటనే సన్నగా బుడగలు వచ్చినవి. ఓ-రింగు అనే చిన్న రబ్బరు చుట్టు గట్టిపడి పగిలియున్నది. దాని ఖరీదు ఒక భోజనము ఖరీదుకన్న తక్కువ!

గొట్టములను పరీక్షించుటకు నైట్రోజనే ఎందుకు అనికూడ అడిగితిమి. టైర్లకు పట్టే మామూలు గాలిలో తేమ ఉండును. ఏ.సి.కి తేమ శత్రువు. నూనె, గ్యాసుతో కలిసి కాలక్రమమున ఆమ్లముగా మారి లోపలి లోహమును తినివేయును. ఆక్సిజన్ అయితే ఇంకా ప్రమాదము, నూనెతో కలిసి పేలిపోవచ్చును. ఎవరైనా ఆక్సిజన్ సిలిండరు తెచ్చినయెడల బండి వెనుకకు తీసికొని వచ్చేయండి.

రింగు మార్చిన తరువాత కొత్త డ్రయరు వేసి, వాక్యూమ్ పంపు తగిలించి ముప్పావుగంట నడిపినారు. మాకు విసుగు పుట్టినది. పావుగంటలో పని ముగించే కుర్రవాడే నయమనికూడ అనిపించినది. కాని ఈ ముప్పావుగంటలోనే ఏ.సి. ప్రాణమున్నది. గాలిని బాగుగా లాగివేసినప్పుడు లోపలి ఒత్తిడి ఎంతగా పడిపోవునంటే, మిగిలిన తేమ మామూలు వాతావరణపు వేడికే మరిగి బయటికి వచ్చివేయును. తేమను పోగొట్టుటకు ఇంతకన్న మంచి దారి లేదు. పంపు ఆపి అరగంట చూచి, ముల్లు కదలకుండ నిలిచినదని రూఢి చేసికొన్నారు. వాక్యూమ్ నిలిచినంతమాత్రమున కన్నము లేదని చెప్పరాదట. వాక్యూములో బయటిగాలి లోపలికి నెట్టే బలము 15 పౌండ్లు మాత్రమే, ఏ.సి. నడిచేటప్పుడు లోపలనుండి బయటికి నెట్టే బలము 200 పౌండ్లు దాటును. అందుకే ముందు నైట్రోజన్, తరువాత వాక్యూమ్.

ఆ తరువాత త్రాసు తీసినారు! గ్యాసును తూచి పోయుట మేము అదే మొదటిసారి చూచుట. బానెట్టు క్రింద ఒక చీటీ అంటించి ఉండును. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అనునది దానిమీద వ్రాసియుండును. మా బండికి 380 గ్రాములు. మొదటి షాపులో గడియారమువంటి గేజి చూచి, "ఫుల్ అయిందండీ" అని చెప్పియుండిరి. ఇంజను ఆపియున్నప్పుడు ఆ గేజి పరిమాణము చెప్పదు, వేడిని మాత్రమే చెప్పును. 35 డిగ్రీల వేడిలో లోపల కొద్దిగా ద్రవము మిగిలియున్నను, నిండుగా ఉన్నను ముల్లు సుమారు 114 పౌండ్ల దగ్గరనే నిలుచును. మన వంటగ్యాసు బండ సంగతి ఆలోచించండి. నిండు బండకైనా పావు బండకైనా మంట ఒకటే గదా. ఎంత ఉన్నదో తెలియవలెనంటే తూచవలెను. ఎక్కువ పోసినను ఏ.సి. చల్లబడదు, కంప్రెసరుకు భారమగును.

నడిచేటప్పుడు మాత్రము రెండు గేజిలను కలిపి చదివితే చాల సంగతులు తెలియునట. నీలిది తక్కువ ఒత్తిడి, ఎర్రది ఎక్కువ ఒత్తిడి. రెండును తక్కువగా ఉంటే గ్యాసు తక్కువ. రెండును మితిమీరి ఉంటే గ్యాసు ఎక్కువైనదో, కండెన్సరుకు గాలి ఆడుటలేదో. నీలిది ఎక్కువై ఎర్రది తక్కువై, రెండును ఒకదానికొకటి దగ్గరగా వచ్చినప్పుడు కంప్రెసరును అనుమానించవలెను. మా బండికి అన్నియు సరిగా ఉన్నవి. 24,000 తప్పినది. ఆయన తీసుకొన్నది డ్రయరుతో, గ్యాసుతో కలిపి 4,300.

అన్ని లోపములును గ్యాసువలన రావు. షెడ్డుకు పోకమునుపు మనమే చూచుకొనదగినవి ఉన్నవి. గాలి చల్లగానే ఉండి తక్కువగా వచ్చుచున్నదంటే గ్లవ్ బాక్సు వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి. (కొన్ని పాత, చౌక మోడళ్ళలో ఆ ఫిల్టరే ఉండదు.) మా ఊరిలో ఒక రైతు బండి ఫిల్టరు పెట్టెలో ఎలుక గూడు బయటపడినది. పత్తి, ఊక, చిత్తుకాగితములు, ఇంకా అందులో పిల్లలు. ధాన్యపు బస్తాల ప్రక్కన కారు నిలిపేవారికి ఇది మామూలే.

రైలు గేటు దగ్గర ఆగినప్పుడు వేడిగాలి, బయలుదేరగానే చల్లగాలి. ఇది గ్యాసు జబ్బు కాదు. కండెన్సరు ఫ్యాను తిరుగుటలేదు, లేదా కండెన్సరు రేకుల మధ్య మట్టి, పురుగులు నిండినవి. కోతల కాలములో మన రోడ్లమీదనే నూర్పిడి చేయుదురు గనుక ఆ పొట్టు అంతయు అందులోనికే పోవును. ఇంజను చల్లారిన తరువాత మామూలు నీటి గొట్టముతో మెల్లగా కడిగితే చాలును. సర్వీసింగు సెంటరులోని బలమైన నీటిధార దగ్గరగా పెట్టనీయవద్దు, రేకులు వంగిపోవును.

బయలుదేరినప్పుడు బాగుండి, గంటకు గాలి సన్నగిల్లి, పది నిమిషములు ఆపి వేస్తే మరల బాగుండినయెడల కూలింగ్ కాయిల్‌మీద మంచు గడ్డకట్టుచున్నదని అర్థము. అక్కడి వేడిని కనిపెట్టే సెన్సారునో, ఫిల్టరునో చూపించవలెను. ఫ్యాను ఆఖరి స్పీడులో తప్ప తిరుగకపోతే రెసిస్టరు అనే చిన్న భాగము కాలియుండును. ఏ.సి. బటను నొక్కగానే ఇంజను దగ్గర 'టక్' మనే శబ్దము రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడవలెను. గ్యాసు మరీ తగ్గినప్పుడుకూడ ప్రెషర్ స్విచ్చి కంప్రెసరును తిరుగనీయదు. కొన్ని కొత్త బండ్లలో అసలు ఆ శబ్దమే ఉండదు. ఆ 'టక్' మనే భాగము పేరు క్లచ్చి. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ మొట్టమొదట ఏ.సి. ఉన్న కారు అమ్మకమునకు తెచ్చినప్పుడు ఆ క్లచ్చి లేదు. ఏ.సి. వద్దనుకొంటే బండి ఆపి, దిగి, బానెట్టు ఎత్తి బెల్టు ఊడదీయవలసినదే!

బండి క్రింద నీళ్ళు కారుచున్నవని కొందరు భయపడుదురు. అది కూలింగ్ కాయిల్‌కు పట్టిన చెమట, మంచి గుర్తే. ఆ నీళ్ళు లోపల కాళ్ళ దగ్గర కారితే మాత్రము బయటికి పోయే సన్నగొట్టము పూడుకొన్నది. మురుగు వాసన వచ్చినను కారణము అక్కడి తేమయే. ఇల్లు చేరుటకు నాలుగైదు నిమిషముల ముందు ఏ.సి. ఆపి ఫ్యాను మాత్రము ఉంచితే కాయిల్ ఆరిపోవును. చలికాలములో సహితము పది పదిహేను రోజులకు ఒకసారి పది నిమిషములు ఏ.సి. నడిపించండి, నూనె అన్నిచోట్లకు తిరిగి సీళ్ళు ఎండిపోకుండ ఉండును.

గ్యాసుల విషయము ఒకటి చెప్పవలెను. పాత కార్లలో ఆర్ 12 ఉండేది. అట్టి గ్యాసులు ఆకాశములోని ఓజోను పొరను తినివేయుననని 1974లో మొలీనా, రోలాండ్ అను శాస్త్రజ్ఞులు చెప్పగా, 1987 మాంట్రియల్ ఒప్పందము ద్వారా దేశములన్నియు దానిని మానుకొనుటకు పూనుకొన్నవి. మన దేశము 1992లో అందులో చేరినది. తరువాత వచ్చిన ఆర్ 134 ఏ ఓజోనును పాడుచేయదు గాని, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,430 రెట్లు. మా బండిలోని 380 గ్రాములు గాలిలో కలిసినదంటే దాదాపు 540 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. 230 లీటర్ల పెట్రోలు కాల్చినట్లన్నమాట. అట్టిది ఒక్క వేసవిలో రెండుసార్లు కారబెట్టితిమి. పాత గ్యాసును మిషనులోనికి లాగి దాచుకొనే షాపు దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా అక్కడికే వెళ్ళండి. కొన్ని కొత్త బండ్లలో ఆర్ 1234 వై.ఎఫ్. అనే వేరొక గ్యాసు ఉండును. ఒకదానిలో ఒకటి కలుపరాదు. కరెంటు కార్ల ఏ.సి. జోలికి ఊరి షెడ్డులో పోనేరాదు, వాటి కంప్రెసరుకు ప్రాణము తీసే వోల్టేజి ఉండును, నూనెయు వేరు.

చౌకగా వచ్చునని వంటగ్యాసు నింపే పనికి ఒప్పుకొనవద్దు. చల్లగా వచ్చుమాట నిజమే. కాని అది లోపల కారితే ఒక్క నిప్పురవ్వ చాలు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు ఏ.సి. వేసికొని నిద్రించవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణము పోవును. పసిపిల్లలను ఒక్క నిమిషమని చెప్పి మూసిన కారులో ఎండలో వదలి వెళ్ళవద్దు. తల్లులారా, ఈ మాట ఇంట్లో మగవారికికూడ చెప్పండి.

ఇక ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దములు దించి, వేడిగాలి పోయేదాక రెండు నిమిషములు నడిపి, తరువాత అద్దములెత్తి లోపలిగాలే తిరిగే బటను నొక్కితే త్వరగా చల్లబడును. దూరప్రయాణములో అప్పుడప్పుడు బయటిగాలి రానీయండి, లేకపోతే డ్రైవరుకు మగత వచ్చును.

పని పూర్తియైన రోజు ఆ మెకానిక్కు ఒక చీటీమీద తేదీ, గ్యాసు పేరు, గ్రాములు, ఏ కీలు దగ్గర రింగు మార్చినది వ్రాసి ఇచ్చినారు. ఎక్కడ పని చేయించినను మీరుకూడ ఇట్టి చీటీ అడిగి పుచ్చుకొనండి. మా చీటీ డాష్‌బోర్డు అరలోనే ఉన్నది. 2024 ఏప్రిల్‌లో ఇతర పనిమీద వెళ్ళినప్పుడు ఆయన గేజిలు తగిలించి చూచి, ఏమియు పోయలేదు, డబ్బు తీసుకొనలేదు. ఆ మధ్యాహ్నమే పెద్దాయనను ఆసుపత్రినుండి తీసికొని వచ్చుచుండగా, సగము దారిలో ఆయన తువ్వాలు తీసి చెవులకు చుట్టుకొని, "కొంచెం తగ్గించు బాబూ, చలేస్తుంది" అన్నారు.